కుక్క ముక్కులో మళ్లీ పెరిగిన గడ్డ: రిపోర్టులో ‘పాలిప్’ అని ఉంటే నమ్మవచ్చా?

మీరు రాసిన వివరాలను ముందు క్లుప్తంగా చెబుతాను, ఇతరులకూ పనికొస్తుంది. నాలుగేళ్ల మగ దేశవాళీ కుక్క. మూడు నెలలుగా కుడి ముక్కు నుంచి తుమ్ములతో పాటు నెత్తురు చుక్కలు పడుతున్నాయి. రెండు విడతలు యాంటీబయాటిక్ వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ముక్కు రంధ్రం అంచున ఎర్రటి గడ్డ కనిపించడంతో మీ డాక్టరు కొంత కత్తిరించి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘ఇన్‌ఫ్లమేటరీ పాలిప్ (వాపు వల్ల పెరిగిన మెత్తటి గడ్డ), క్యాన్సర్ లక్షణాలు లేవు’ అని వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే గడ్డ మళ్లీ వచ్చింది. ఎండాకాలంలో ఊరి చెరువులో దింపడం అలవాటు. ఇది క్యాన్సరా, మళ్లీ ఆపరేషన్ చేయించాలా, సీటీ స్కాన్ తప్పదా, పిల్లలకు అంటుతుందా అన్నవి మీ ప్రశ్నలు. వాటితో పాటు మీ చెల్లెలి ఇంట్లో గురక పెట్టే పిల్లికూన సంగతి కూడా అడిగారు. దాని గురించి చివర్లో రాస్తాను, ఎందుకంటే అది వేరే జబ్బు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు చెప్పినదాన్ని బట్టి క్యాన్సర్ కన్నా రైనోస్పోరిడియోసిస్ అనే జబ్బుకే ఎక్కువ అవకాశం ఉంది. అది కణితిలా కనిపిస్తుంది కానీ కణితి కాదు. ఒక సూక్ష్మజీవి ముక్కు పొరలో పెరగడం వల్ల వచ్చే మెత్తటి గడ్డ. చెరువు మాట మీరు యథాలాపంగా రాశారు, నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. అయితే ఫోటో చూసి, రాసింది చదివి జబ్బు పేరు ఖరారు చేయకూడదు. మళ్లీ కత్తి పట్టేలోపు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది రిపోర్టు సంగతి. పాథాలజిస్టు, అంటే ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాసే డాక్టరు, తన ముందుకు వచ్చిన ముక్క గురించే చెప్పగలరు, ముక్కు మొత్తం గురించి కాదు. ముక్కులో ఏ గడ్డ ఉన్నా దాని పైపొర వాచి, పుండు పడి, చీము కణాలతో నిండి ఉంటుంది. లోపల క్యాన్సర్ ఉన్నా పైనుంచి గీరిన ముక్కలో కనిపించేది వాపే. అందుకే ‘ఇన్‌ఫ్లమేషన్’ (వాపు) అని వచ్చిన ప్రతి రిపోర్టుకూ నేను మూడు ప్రశ్నలు వేస్తాను. ముక్క ఎక్కడి నుంచి తీశారు, ఎంత లోతు నుంచి తీశారు? ఆ జవాబు కుక్క వయసుకూ, లక్షణాలకూ సరిపోతుందా? ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో కనిపించేదానికి సరిపోతుందా? మూడూ ఒక దారిలో ఉంటే ‘క్యాన్సర్ కాదు’ అన్న మాట నమ్ముతాను. ఒక్కటి తేడాగా ఉన్నా ఇంకో ముక్క తీయిస్తాను. మీ కుక్క విషయంలో గడ్డ ఇంత త్వరగా తిరిగి రావడమే తేడా. మామూలు పాలిప్‌ను కాడతో సహా తీసేస్తే ఇంత తొందరగా రాదు. సగం తీసి వదిలేస్తే ఏదైనా వస్తుంది. మీ డాక్టరు కొంత భాగమే తీశారని మీరే రాశారు కాబట్టి ఆయనను తప్పుపట్టకండి. ఆయన పరీక్ష కోసం ముక్క తీశారు, చికిత్స చేయలేదు.

మీరు భయపడటంలో న్యాయం లేకపోలేదు. కుక్కల్లో వచ్చే కణుతులన్నిటిలో ముక్కు లోపల వచ్చేవి నూటికి ఒకటి రెండే. కానీ ఆ కొద్దిలో దాదాపు 80 శాతం క్యాన్సర్లే, వాటిలోనూ పొర కణాల నుంచి పుట్టే కార్సినోమాలే ఎక్కువ. పిల్లుల్లో ఈ వాటా 90 శాతం దాటుతుంది, అక్కడ లింఫోమా, అంటే ఒక రకం తెల్లకణాల క్యాన్సర్, ముందుంటుంది. ముక్కు కార్సినోమాకు ఏ చికిత్సా చేయించని కుక్కల మీద అమెరికాలో 139 కేసులతో ఒక పరిశీలన జరిగింది. వాటిలో సగం 95 రోజుల లోపే చనిపోయాయి. ఇది మిమ్మల్ని బెదిరించడానికి రాయలేదు. ‘బినైన్’, అంటే క్యాన్సర్ కాదు, అన్న మాటను పరీక్ష చేయకుండా ఎందుకు ఒప్పుకోకూడదో చెప్పడానికి రాశాను. మీకు అనుకూలమైనవీ ఉన్నాయి. ఈ క్యాన్సర్లు ఎక్కువగా పదేళ్ల చుట్టుపక్కల వయసులో, పొడవు మూతి జాతుల్లో వస్తాయి. మీ కుక్కకు నాలుగేళ్లు. ముఖం ఒక పక్క ఉబ్బలేదు, కన్ను ముందుకు పొడుచుకు రాలేదు, మూర్ఛలు లేవు. గడ్డ కూడా ముక్కు మొదట్లోనే ఉంది. క్యాన్సర్లు సాధారణంగా లోపల, కళ్ల మధ్య భాగంలో మొదలవుతాయి.

ఇక చెరువు దగ్గరికి వద్దాం. రైనోస్పోరిడియం సీబెరి అనే జీవి దక్షిణ భారతంలో, శ్రీలంకలో స్థిరంగా ఉంది. మనుషుల్లో, కుక్కల్లో, పశువుల్లో, గుర్రాల్లో వస్తుంది. నిలవ నీటిలో దిగినప్పుడు ముక్కు పొరకు ఉన్న చిన్న గీత ద్వారా లోపలికి పోతుందని భావిస్తారు. దీన్ని 1900లో బ్యూనస్ ఎయిర్స్‌లో గిల్యెర్మో సీబర్ వర్ణించాడు, పేరు ఆయనదే. చాలా కాలం దీన్ని బూజు జాతి అనుకున్నారు. 1999లో జన్యు పరీక్ష చేస్తే ఇది శిలీంద్రం కాదనీ, చేపల మీద బతికే కొన్ని నీటి పరాన్నజీవులకు చుట్టమనీ తేలింది. ఈ చరిత్ర మీకెందుకంటే, ‘ఫంగస్’ అన్న మాట విని నెలల తరబడి ఫంగస్ మాత్రలు మింగించే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటితో కాలేయం దెబ్బతినడం తప్ప గడ్డ కరగదు. ప్రయోగశాలలో మామూలు పద్ధతిలో కల్చర్ చేసినా ఇది పెరగదు. కాబట్టి ‘కల్చర్‌లో ఏమీ రాలేదు’ అన్న రిపోర్టుకు విలువ లేదు.

మంచి వెలుతురులో, మత్తులో ఉన్నప్పుడు గడ్డను దగ్గరగా చూస్తే చాలాసార్లు అనుమానం అక్కడే బలపడుతుంది. ఎర్రగా, మెత్తగా, తమ్మెలు తమ్మెలుగా ఉంటుంది. ముట్టుకుంటేనే నెత్తురు కారుతుంది. పైన స్ట్రాబెర్రీ పండు మీది గింజల్లా సన్నటి తెల్లని లేదా పసుపుపచ్చని చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు అలంకారం కాదు, పక్వానికి వచ్చిన స్పోరాంజియాలు, అంటే బీజాల సంచులు. ఒక్కో సంచి మిల్లీమీటరులో మూడో వంతు, నాలుగో వంతు దాకా పెరుగుతుంది, అందుకే భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. వాటి లోపల వేలకొద్దీ సూక్ష్మ బీజాలు ఉంటాయి. గడ్డ ఉపరితలాన్ని గాజు పలకకు అద్ది, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి బీజాలు, పగిలిన సంచులు కనిపిస్తాయి. దీనికి గంట పట్టదు, పెద్ద ఖర్చు లేదు. ఈ అద్దుడు పరీక్ష చేయించారా అని మీ డాక్టరును అడగండి.

ఇంకో పని. పాత ముక్కను మైనపు దిమ్మలో ల్యాబు వాళ్లు దాచి ఉంచుతారు. దాన్నే మరింత లోతుగా కోసి, పీఏఎస్, సిల్వర్ అనే ప్రత్యేక రంగులు వేసి మళ్లీ చూడమని అడగవచ్చు. ‘చెరువులో ఈదే అలవాటు ఉంది, రైనోస్పోరిడియం కోసం ప్రత్యేకంగా చూడండి’ అని ఒక్క వాక్యం కాగితం మీద రాసి పంపండి. పాథాలజిస్టుకు ఖాళీ ఫారం పంపి, సరైన జవాబు రాలేదని నొచ్చుకునే వాళ్లను చాలామందిని చూశాను. వయసు, చెరువు, ఒక పక్కే నెత్తురు, గడ్డ ఉన్న చోటు, ఇవన్నీ రాసిన ఫారానికి వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

చెరువు, ముక్కు, పశువు అనగానే పల్లెల్లో పెద్దవాళ్లకు పశువుల గురక జబ్బు గుర్తుకొస్తుంది. అది పూర్తిగా వేరు. షిస్టోసోమా నేసేల్ అనే పురుగు పశువుల ముక్కు రక్తనాళాల్లో ఉండి కండలాంటి గడ్డలు పెంచుతుంది, దానికి చెరువు నత్త మధ్యవర్తి. మీ కుక్కకు దాంతో సంబంధం లేదు. ఎవరైనా ‘నట్టల మందు వేస్తే పోతుంది’ అంటే ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి ఇది రాశాను.

ముక్కు నుంచి నెత్తురు వచ్చే ప్రతి కుక్కకూ గడ్డ ఉండదు, గడ్డ ఉన్నా నెత్తురుకు ఇంకో కారణం తోడై ఉండవచ్చు. మన ప్రాంతంలో మొదట చూడవలసింది పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా, అందరూ టిక్ ఫీవర్ అనేది. దానిలో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి నెత్తురు కారుతుంది, ఒక్కోసారి ఒక రంధ్రం నుంచే. ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉండి వాటి పనితనం తగ్గిన కుక్కలూ ఉంటాయి. కాబట్టి బయాప్సీకి, అంటే పరీక్ష కోసం ముక్క తీయడానికి, ముందు పూర్తి రక్తపరీక్ష, స్లైడు మీద ప్లేట్‌లెట్ల లెక్క, ఎర్లికియా పరీక్ష, నెత్తురు గడ్డకట్టే సమయం, బీపీ ఇవన్నీ ఉండాలి. నెత్తురు గడ్డకట్టనివ్వని ఎలుకల మందు తిన్న కుక్కకు ఇవేవీ చూడకుండా ముక్కులో ఫోర్సెప్స్ (పట్టకారు లాంటి పరికరం) పెడితే నెత్తురు ఆపడం దేవుడి తరం కూడా కాదు. పై కోరపన్ను వేరు కుళ్లి ముక్కులోకి దారి పడిందేమో నోరు తెరిచి చూడాలి. గడ్డిపరక ఇరుక్కోవడం, కొండ ప్రాంతాల్లో వాగు నీళ్లు తాగిన కుక్కకు ముక్కులో జలగ ఎక్కడం కూడా చూశాను. ముక్కు కొన మీది నల్లరంగు పోయి, పుండు పడి, ముట్టుకుంటే నొప్పితో అరిచే కుక్కలో ఆస్పర్‌జిల్లస్ అనుమానించాలి. ఇది నిజమైన ఫంగస్, దీని వైద్యం వేరు.

ఇంట్లో మీరు చేయగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. కుక్క ప్రశాంతంగా పడుకున్నప్పుడు చిన్న దూది పోగు తీసుకుని ఒక రంధ్రానికి ఎదురుగా పట్టుకోండి, రెండో రంధ్రాన్ని వేలితో మెల్లగా మూయండి. దూది ఊగితే ఆ పక్క గాలి ఆడుతున్నట్టు. రెండో పక్కా చూడండి. ఎడమ పక్క బాగా ఊగి, కుడి పక్క కదలకపోతే అడ్డు ఎంత ఉందో తెలుస్తుంది. వారానికొకసారి చూసి రాసుకుంటే పెరుగుతోందో లేదో మీకే అర్థమవుతుంది. రెండు పక్కలా ఆగిపోయిన రోజు అది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు.

మీది మగ కుక్క, వీధి కుక్కలతో కలిసి తిరుగుతుందని కూడా రాశారు కాబట్టి టీవీటీ గురించి చెప్పాలి. జత కట్టినప్పుడు అంటుకునే జననాంగాల కణితి ఇది. ఇతర కుక్కలను వాసన చూసే అలవాటు వల్ల ముక్కులోనూ వస్తుంది. ముక్కు, నోటి టీవీటీ మగ కుక్కల్లో ఆడవాటికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2022లో చెప్పారు. దీనిలో అంటేది క్రిమి కాదు, క్యాన్సర్ కణమే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు పోయి నాటుకుంటుంది. ఎన్నో వేల ఏళ్ల కిందటి ఒక కుక్క కణాలు ఇప్పటికీ ఇలా బతుకుతున్నాయన్నమాట. దీన్ని బినైన్ అనలేం, కానీ ముక్కు క్యాన్సర్లలో ఇది చాలా బాగా నయమయ్యేది. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు, చాలా కుక్కలకు సరిపోతాయి. ప్రతి ఇంజెక్షన్‌కూ ముందు తెల్లకణాలు చూడాలి, మందు నరం బయటికి కారితే కండ కుళ్లిపోతుంది. అద్దుడు పరీక్షలోనే గుండ్రటి కణాలు, వాటిలో వరుసగా తేట బుడగలు కనిపించి జబ్బు పట్టుబడుతుంది. రైనోస్పోరిడియం కోసం చేసే ఆ ఒక్క స్లైడు దీన్నీ తేల్చేస్తుంది. అంత చవకైన పరీక్షను వదిలి నేరుగా ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించడం నాకు నచ్చదు.

నిజంగా కణితే అయి, క్యాన్సర్ కానివి కూడా ముక్కులో పుడతాయి. అరుదు, కానీ ఉంటాయి. ఎముక నుంచి ఆస్టియోమా, మృదులాస్థి నుంచి కాండ్రోమా, నార కణజాలం నుంచి ఫైబ్రోమా, గ్రంథుల నుంచి అడినోమా, రక్తనాళాలతో నిండిన ఆంజియోఫైబ్రోమా. ఇవి శరీరంలో వేరేచోటికి పాకవు. కానీ ముక్కు చాలా ఇరుకైన గది. క్యాన్సర్ కానంత మాత్రాన గడ్డ అక్కడ నెమ్మదిగా కూర్చోదు. ఎముకను నొక్కి అరగదీస్తుంది, గాలి దారి మూస్తుంది, నెత్తురు కారుస్తుంది. ఆంజియోఫైబ్రోమా అయితే పేరుకే బినైన్, పక్కకు చొచ్చుకుపోతుంది, తీసినా తిరిగి వస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే అడినోమాకూ, మొదటి దశ అడినోకార్సినోమాకూ తేడా తెలిసేది అడుగు భాగంలో, అది లోపలికి చొచ్చుకుపోయిందా లేదా అన్న చోట. చిటికెడు ముక్కలో అడుగు ఉండదు. అందువల్ల గడ్డ మొత్తం తీశాక దాన్నంతా మళ్లీ పరీక్షకు పంపమంటాను. మొదటి రిపోర్టు ఉంది కదా అని గడ్డను చెత్తబుట్టలో వేయనివ్వకండి.

సీటీ స్కాన్ తప్పదా అన్నారు. మీ కుక్కకు తొలి అడుగులో తప్పనిసరి కాదంటాను. గడ్డ మొదలు ముక్కు అంచునే కనిపిస్తూ, స్లైడులో జబ్బు తేలితే స్కాన్ లేకుండానే ముందుకు పోవచ్చు. గడ్డ కాడ ఎక్కడుందో కనిపించకపోయినా, స్లైడులో ఏమీ తేలకపోయినా, వయసు మళ్లిన కుక్కైనా స్కాన్ చేయించాలి, అది కూడా బయాప్సీకి ముందే. బయాప్సీ తర్వాత నెత్తురు నిండిన ముక్కును స్కాన్ చేస్తే గడ్డ ఏదో, నెత్తురు గడ్డ ఏదో తెలియక తల పట్టుకోవాలి. మెదడుకూ ముక్కుకూ మధ్య ఉన్న జల్లెడ ఎముక చెక్కుచెదరకుండా ఉందా అన్నది స్కాన్ చెప్పే అతి ముఖ్యమైన విషయం. స్కాన్ దొరకని ఊళ్లో కుక్కకు మత్తిచ్చి, ఫిల్మును నోట్లో పెట్టి తీసే ఎక్స్‌రే పనికొస్తుంది. కుడి, ఎడమ ముక్కుల సన్నని ఎముక గీతలను పక్కపక్కన పోల్చవచ్చు. మామూలుగా పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రేలో రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి దానికి డబ్బు పెట్టకండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సర్జరీ విభాగానికి ముందుగా ఫోను చేసి ఏయే సదుపాయాలు నడుస్తున్నాయో కనుక్కుని బయలుదేరండి.

బయాప్సీ మళ్లీ తీయవలసి వస్తే రెండు విషయాలు మీరు అడిగి తెలుసుకోవచ్చు. పరికరాన్ని ముక్కులోకి పంపే ముందు, ముక్కు కొన నుంచి కంటి లోపలి మూల దాకా కొలిచి, దాని మీద టేపుతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు దాటి లోపలికి పోకూడదు, దాటితే తగిలేది ఆ జల్లెడ ఎముక. ఇక ముక్కలు ఒకటి కాదు, వేర్వేరు చోట్ల నుంచి అరడజను దాకా తీయాలి. వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు కనీసం పది రెట్లు ద్రవం ఉండేలా, వెడల్పు మూతి సీసాలో వేయాలి. స్పిరిట్‌లో, సెలైన్‌లో వేసి పంపినవీ, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినవీ నా దగ్గరికి వచ్చాయి, వాటితో పాథాలజిస్టు నమ్మకంగా ఏమీ చెప్పలేరు. ఇన్నాళ్లు నెత్తురు కార్చిన గడ్డలో మందమైన లోపలి ముక్క కావాలంటే కాస్త నెత్తురు పోతుంది. చల్లటి సెలైన్, పలుచన చేసిన అడ్రినలిన్, గాజ్ (కట్టు కట్టే పలుచని గుడ్డ) దగ్గర పెట్టుకుంటే చాలావరకు ఆగుతుంది.

రైనోస్పోరిడియోసిస్ అని తేలితే వైద్యం కత్తి, కాటరీ (వేడితో కాల్చే పరికరం). గడ్డను కాడతో సహా, చుట్టూ ఉన్న పొరలో కొంతతో సహా తీసి, మొదలును కాటరీతో కాల్చాలి. కాల్చడమే అసలు పని. మొదట్లో మిగిలిన బీజాల సంచుల నుంచే గడ్డ మళ్లీ లేస్తుంది. మీ కుక్కకు గడ్డ రంధ్రం దగ్గరే ఉంది కాబట్టి ముక్కు రెక్క పక్కన చిన్న కోత పెట్టి తెరిస్తే మొదలు కనిపించవచ్చు. కొంచెం లోపల ఉంటే ముక్కు దూలం మీద ఎముక తెరిచే పెద్ద ఆపరేషన్ కావాలి. ఏదైనా సరే మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలో బెలూన్ ఉన్న గొట్టం వేసి, గొంతు వెనక గాజ్ గుడ్డలు కుక్కి, నెత్తురు ఊపిరితిత్తుల్లోకి దిగకుండా చూడాలి. ఆ గుడ్డలను లెక్కపెట్టి పెట్టాలి, లెక్కపెట్టి తీయాలి. నెత్తురు ఎక్కించవలసి రావచ్చు, ఆరోగ్యమైన పెద్ద కుక్కను ఇంకొకదాన్ని వెంట తీసుకెళ్లగలిగితే మంచిది.

ఆపరేషన్ తర్వాత నాలుగైదు రోజులు నెత్తురు చారలతో తుమ్మడం మామూలే. ఎముక తెరిచిన కుక్కకు నుదుటి మీద, కళ్ల చుట్టూ చర్మం కింద గాలి చేరి ఉబ్బుతుంది. నొక్కితే వేళ్ల కింద కరకరమంటుంది. చూసి కంగారు పడతారు, ఎక్కువసార్లు దానంతట అదే దిగిపోతుంది. మెడ పట్టీ తీసేసి ఛాతీకి కట్టే పట్టీ వాడండి. మెడ దగ్గర లాగితే తల నరాల్లో ఒత్తిడి పెరిగి నెత్తురు మళ్లీ మొదలవుతుంది. మెడ చుట్టూ గరాటులా పెట్టే కోన్ మాత్రం తీయకండి, కాలి గోటితో ఒక్కసారి గీరితే చాలు, చేసిన పని పోతుంది. మనుషుల నొప్పి మాత్రలు ఏవీ వద్దు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్.

డాప్సోన్ మాత్రల గురించి ఎవరైనా చెప్పే ఉంటారు. కుష్ఠు వ్యాధికి వాడే మందు అది. మనుషుల్లో రైనోస్పోరిడియోసిస్ తీసేశాక తిరిగి రాకుండా ఇస్తుంటారు, బీజాల సంచులు ముదరకుండా ఆపుతుందని. కుక్కల్లో నేను దాన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను. గడ్డ రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు, మొదలును పూర్తిగా కాల్చలేని చోట ఉన్నప్పుడు ఆలోచిస్తాను. ఎర్రకణాలు విరిగి రక్తహీనత రావచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. రక్తపరీక్షలు క్రమంగా చేయించే ఓపిక లేనివాళ్లకు ఇవ్వను. మోతాదు ఇక్కడ రాయకపోవడం కూడా అందుకే. కత్తి పనిని మందు చేస్తుందని ఆశపడి ఆపరేషన్ వాయిదా వేయకండి.

జాగ్రత్తగా చేసినా కొన్నింటిలో తిరిగి వస్తుంది. కనీసం ఒక ఏడాది పాటు రెండు మూడు నెలలకొకసారి ముక్కు లోపల వెలుతురు వేసి చూపించండి. చిన్న మొలకలా ఉన్నప్పుడు పట్టుకుంటే కాటరీతో నిమిషాల్లో తీసేయవచ్చు. చెరువులో దింపడం మాత్రం ఈ రోజుతో ఆపండి. ఎండ బాధ తీరాలంటే ఇంట్లో తొట్టిలో కుళాయి నీళ్లు చాలు.

పిల్లలకు అంటుతుందా అన్న ప్రశ్నకు జవాబు: కుక్క నుంచి అంటదు. కుక్క నుంచి కుక్కకూ అంటదు. కానీ అదే చెరువులో మీ పిల్లలూ ఈదుతున్నారా అన్నది నేను అడగవలసిన ప్రశ్న. కుక్కకు వచ్చిన చోటు నుంచే మనిషికీ రావచ్చు. పిల్లల్లో ఎవరికైనా ఒకే ముక్కు మూసుకుపోవడం, తరచూ నెత్తురు రావడం ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, చెరువు సంగతి చెప్పండి. ఒకవేళ స్లైడులో టీవీటీ తేలితే సంగతి వేరు, అది మనుషులకు రాదు కానీ ఇతర కుక్కలకు అంటుతుంది. వైద్యం పూర్తయ్యే దాకా వీధిలో వదలకూడదు.

ఇప్పుడు పిల్లికూన. ఎనిమిది నెలల వయసు, నిద్రలోనే కాకుండా మెలకువలో కూడా గురక శబ్దం, మింగడానికి అవస్థ పడటం, ఒక చెవి విదిలించడం అని రాశారు. ఇది కుక్క జబ్బు కాదు. వయసు, శబ్దం, చెవి మూడూ కలిస్తే నేను మొదట అనుమానించేది నాసోఫారింజియల్ పాలిప్. చిన్న వయసు పిల్లుల్లో, ఎక్కువగా రెండేళ్ల లోపు, మధ్య చెవిలోనో, చెవికీ గొంతుకూ మధ్య ఉన్న గొట్టంలోనో పుట్టి, కాడ మీద వేలాడుతూ మెత్తటి అంగిలి వెనకకు దిగే గడ్డ. క్యాన్సర్ కాదు, పూర్తిగా నయం కాగలిగినది. మత్తిచ్చి, మెత్తటి అంగిలిని చిన్న కొక్కెంతో ముందుకు లాగి చూస్తే గులాబీ రంగులో, నునుపుగా కనిపిస్తుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకుని, తొందరపడకుండా, ఒకే తీరుగా లాగుతూ కాడతో సహా ఊడదీస్తారు. కాడ మొత్తం వస్తే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది, తర్వాత కొన్ని వారాలు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తే ఇంకా తగ్గుతుంది. లాగిన తర్వాత ఆ పక్క కనుపాప చిన్నదై, మూడో రెప్ప పైకి వస్తే భయపడకండి. మధ్య చెవి గుండా పోయే నరం కదిలినందువల్ల వచ్చేది, సాధారణంగా కొన్ని వారాల్లో పోతుంది. మధ్య చెవి బుడగ నిండా గడ్డ ఉన్నా, తీసినా మళ్లీ వచ్చినా, ఆ బుడగ ఎముకను కింది నుంచి తెరిచే ఆపరేషన్ చేయాలి. కాబట్టి పిల్లుల విషయంలో స్కాన్‌కు విలువ ఎక్కువ.

ఏడాది లోపు పిల్లుల్లో ఇంకో వింత జబ్బు ఉంది, ఇటలీలోని పశువైద్యులు దాని గురించి ఎక్కువగా రాశారు. ముక్కు లోపలి చుట్టల నుంచి పుట్టే ఈ గడ్డను నేసల్ హమార్టోమా అంటున్నారు. స్కాన్‌లో ఎముకలు తినేసినట్టు, జల్లెడ ఎముక కూడా కరిగినట్టు కనిపించి చూసినవాళ్లకు క్యాన్సర్ అనే తోస్తుంది. అయినా అది బినైన్, తీసేశాక ఎక్కువ పిల్లులు బాగుంటాయి. కుక్క రిపోర్టు గురించి నేను పైన చెప్పినదానికి ఇది తిరగేసిన వైపు. అక్కడ మంచి రిపోర్టును అనుమానించాలి, ఇక్కడ భయంకరమైన స్కాన్‌ను చూసి పిల్లికూనకు ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చమని అడగకూడదు. ముక్క పరీక్ష వచ్చేదాకా ఆగాలి. అదే పిల్లి పదేళ్లదైతే ముందు లింఫోమా వైపే చూస్తాను. రెండు ముక్కుల నుంచీ చీమిడి, కళ్లలో నీరు ఉంటే పిల్లుల జలుబు వైరస్, ముక్కు దూలం ఉబ్బితే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ గుర్తుకు రావాలి.

మీ చెల్లెలికి ఈలోగా ఈ మాటలు చెప్పండి. మనుషుల ముక్కు చుక్కలు వేయవద్దు. జ్వరం మాత్ర, అంటే పారాసెటమాల్, అసలే వద్దు, పిల్లికి అది విషం. వాసన తెలియకపోతే పిల్లి తినదు కాబట్టి తిండిని గోరువెచ్చగా చేసి పెట్టాలి, ఒక రోజు మించి తినకపోతే ఆగకూడదు. నోరు తెరిచి, కడుపు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే ఆ పూటే తీసుకెళ్లాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. బుట్టలో పెట్టి, పైన పలుచని గుడ్డ కప్పి, కదిలించకుండా తీసుకెళ్లమనండి. బలవంతంగా నోరు తెరిచి లోపల చూడాలని ప్రయత్నించకండి, భయపడిన పిల్లి ఉన్న కాస్త గాలినీ పోగొట్టుకుంటుంది.